కొండెక్కిన దీపాలు

గన్నవరంలో తెల్లవారుజాము నాలుగున్నర.
బుడమేరు వైపు నుంచి మంచు లేచి
రన్‌వే అంచు దీపాల్ని ఒక్కొక్కటే మింగుతోంది.
ఏసుపాదం గారి వెనకాలే కాక్‌పిట్లో దూరాను.
చేతిలో టార్చి, మెళ్ళో కార్డు,
ఉద్యోగంలో పదకొండో రోజు.

"ఏం కనిపిస్తోంది?"
"ఏమీ లేదండీ. అంతా చీకటి."
"పైన ఎగిరేటప్పుడూ ఇలాగే ఉండాలి" అన్నాడాయన.

మా అమ్మమ్మ దీపం ఆరిందననిచ్చేది కాదు.
కొండెక్కింది అనాలి,
లేకపోతే నెత్తిన మొట్టికాయ.
ఆ మాట వింటూ వన్‌టౌన్‌లో పెరిగినదాన్ని,
కొండ కనపడే కిటికీ పక్కన.
ఇక్కడ దీపాలన్నీ కొండెక్కి ఉంటేనే
డెబ్బైమంది క్షేమంగా నేల దిగుతారట.

ఎర్రది వెలిగితే గంట ఆగదు,
నువ్వు నొక్కి నోరు మూయించేదాకా.
పసుపుది ఒక్కసారే టింగుమంటుంది,
పక్కింటావిడ గోడ మీంచి పిలిచినట్టు:
పొయ్యి కట్టేసి రా, పరిగెత్తక్కర్లేదు.
"ఏది వెలిగినా ముందు చదువు" అన్నాడు.
"వేలి కంటే కన్ను ముందుండాలి."

కరెంటిచ్చి టెస్టు స్విచ్చి నెట్టాడు.
ప్యానెలంతా ఒక్కసారిగా
కార్తీకంలో కృష్ణ ఒడ్డు.
నేను వెలుగుల్ని చూస్తున్నాను,
ఆయన వెలగనిదాన్ని.

మూడో వరసలో ఒక గడి. హైడ్రాలిక్.
లోపల రెండు బల్బులుంటాయి.
ఒకటి ఎప్పుడు పోయిందో,
రెండోది ఒంటరిగా లాక్కొచ్చి లాక్కొచ్చి
రాత్రి ఏ మబ్బులోనో చేతులెత్తేసింది.
"ఇదీ చీకటేనమ్మా.
బాగున్నానని చెప్పే చీకటి కాదు,
చెప్పలేక ఊరుకున్న చీకటి."

ఆరూ పదికి లేవాల్సింది ఆరున్నర దాటాక కదిలింది.
మెట్ల దగ్గర బందరు ఆసామి ఒకాయన
వాచీ చూపించి "బల్బు కోసమా!" అన్నాడు.
లాగ్‌బుక్‌లో నా సంతకం పక్కన
బొటనవేలి గ్రీజు కూడా సంతకం చేసింది.

ఏసుపాదం గారు రోజూ అడిగేది ఒకటే మాట, "తిన్నావా?"
లోడర్లని అడుగుతాడు, గేటు దగ్గర సెంట్రీని,
కెప్టెన్ని కూడా.
అది జవాబు కోసం కాదని తెలియడానికి
నాకు వానాకాలం దాకా పట్టింది.

జూలైలో ఒక పొద్దున "తిన్నానండీ" అన్నాను.
ఆయన నా చేతిలోంచి స్పానర్ తీసుకుని
"కూర్చో" అన్నాడు.
ఏమైందని అడగలేదు.
ఫ్లాస్కు మూతలో టీ పోసిచ్చి
ప్యానెల్ ముందు కూర్చున్నట్టే
నా పక్కన కూర్చున్నాడు.