ఫ్రిజ్‌లో తాళంచెవి

డాన్ రెమీహియో కబురు పెట్టాడు,
కంప్యూటర్‌కి జ్వరం, రాత్రంతా మూలుగుతోంది అని.
కాస్త్రోలో జూన్ నెల. పదకొండో రోజు వాన.
సముద్రంలో గుంజల మీద నిలబడ్డ ఇల్లు ఆయనది.
కింద ఆటుపోట్లు, పైన రేకుల కప్పు,
మధ్యలో ఒక మైకు, దాని చుట్టూ ఊలు దుప్పట్లు,
దాని నెత్తిన బోర్లించిన బంగాళాదుంపల బుట్ట.
బుట్ట పెడితే గది మోగదని ఎవరో చెప్పారట.
నేను నవ్వలేదు.
ఈ పనిలో ఇంతకన్నా వింతలు చూశాను.

మొదటి రోగం తేలిక.
తన అకార్డియన్ తనకే ఇయర్‌ఫోన్లలో ఆలస్యంగా వినిపిస్తోంది.
వెనకబడ్డవాడి కోసం ఈయన ఆగుతున్నాడు,
ఈయన ఆగినకొద్దీ వాడింకా వెనకబడుతున్నాడు.
పెళ్లిళ్లలో జనానికి చెమటలు పట్టించిన వాల్ట్జ్
మూడో నిమిషానికి శవం వెంట నడుస్తోంది.
"మర్యాద కోసం ఆగాను" అన్నాడు.
బఫర్ తగ్గించాను. కాలిన పెనం మీద నీళ్లు చిందినట్టు చిటపటలు.
కాస్త పెంచాను.
రెండు వందల యాభై ఆరు దగ్గర ఇద్దరూ రాజీపడ్డారు.

రెండోది మూలుగు.
తీగలు మార్చాను, బల్బు ఆర్పాను,
నా ఫోన్ తీసుకెళ్లి మెట్ల మీద పెట్టాను.
పోలేదు.
తుడిచే ఉపాయం ఒకటుంది:
ఎవరూ వాయించని రెండు సెకన్లు సాఫ్ట్‌వేర్‌కి చూపించి
వీడే దొంగ, గుర్తుపెట్టుకో అని చెప్పాలి.
చెప్పాను. దొంగ పోయాడు.
పోతూ పోతూ ఎడమచేతి మంద్రస్వరాల్ని మూటగట్టుకుపోయాడు.
మిగిలింది నీళ్లతొట్టెలో కూర్చుని ఎవరో వాయించినట్టుంది.

పెద్దాయన ఇయర్‌ఫోన్లు తీసేసి, కళ్లు మూసుకుని,
ఒకే ఒక్క మీట నొక్కిపట్టాడు.
గదిలో ఏదో ఊగింది.
సెకనుకొకసారి, రేవులో కట్టేసిన పడవలా
స్వరం ఉబ్బి, తగ్గి, ఉబ్బి.
"అది మూలుగు కాదు నయారెత్, సోల్.
నా సోల్ కంటే వెంట్రుకవాసి పైన."
వంటగదివైపు గడ్డం చూపించాడు. ఫ్రిజ్.
"ఇరవయ్యేళ్లుగా పాడుతోంది.
నాతో కలవడానికో, పోటీకో, తేల్చుకోలేకపోయాను."

మా భాషలో సోల్ అంటే సూర్యుడు కూడా.
కిటికీలోంచి చూశాను. బయట ఎక్కడా లేడు.

ఫ్రిజ్ ప్లగ్గు పీకాను. గదిలోది ఆగింది, తీగలోది ఆగలేదు.
అది ఛార్జర్‌ది. అదీ పీకాను.
నిశ్శబ్దం అనకూడదు, వాన ఉంది.
బ్యాటరీ పదకొండు శాతం.

ఆయన పడవ తాళంచెవి తీసి
ఫ్రిజ్‌లో, పీతల గిన్నె పక్కన పెట్టాను.
"మతిపోయిందా?"
"పోకుండానే. పొద్దున్నే దీనికోసం తలుపు తీస్తావు,
లోపల చీకటిగా ఉంటుంది, ప్లగ్గు గుర్తొస్తుంది."

తొమ్మిది శాతం దగ్గర గొంతు సవరించుకున్నాడు,
పాడేది తాను కాకపోయినా.
ఆరు దగ్గర వేలు జారింది.
తర్వాతి చుట్టులో అదే చోట కావాలని జార్చాడు,
తప్పుకి తోడు దొరికి అది సంగతైపోయింది.
నాలుగు దగ్గర రేకుల మీద వాన జోరందుకుంది.
బుట్ట కింద మైకు అంతా వింది.
రెండు దగ్గర ఆఖరి స్వరం. సేవ్ నొక్కాను.
తెర నల్లబడింది.

ఉందో పోయిందో తెలియాలంటే ఛార్జర్ పెట్టాలి.
ఆ తీగ జోలికి ఇద్దరం పోలేదు.
మాతే కాచుకుని తాగాం, ఒకే గొట్టంతో, వంతులవారీగా.

ఉంది.
మొదట్లో ఆ గొంతు సవరింపు కత్తిరించాను.
మళ్లీ అతికించాను.

తెల్లవారుజామున ఐదింటికి ఫోన్.
పాట సంగతి ఎత్తలేదు.
"తాళంచెవి దొరికింది, ప్లగ్గు పెట్టాను" అన్నాడు,
ఫోన్ ఎక్కడో ఆనించిన చప్పుడు,
కాసేపు వినమన్నట్టు ఎవరూ మాట్లాడలేదు.
"చూశావా, ఇంకా పైనే ఉంది."