పచ్చి పిక్క

కాశీబుగ్గ రైలు గేటు పక్కన
మూడు కంప్యూటర్ల నా నెట్ సెంటర్‌కి
తొమ్మిదిన్నరకల్లా వచ్చేవాడు కణితి దాలినాయుడు.
పది రూపాయలు బల్ల మీద పెట్టి
"పిక్కల రేటు సూడు తల్లీ" అనేవాడు.
ధర మారినా పదే, మారకపోయినా పదే.

నాకే మనసొప్పలేదు ఒకనాడు.
పేజీ మూల నారింజ రంగు బొమ్మ చూపించాను:
ఒక చుక్క, దాని మీద రెండు వంపు గీతలు.
"ఇది నొక్కి సబ్‌స్క్రైబ్ అయితే చాలు,
రేటు దానంతటదే వస్తుంది."

కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని చూశాడు.
"సెర్లో రాయేసినప్పటి అలలాగుంది.
మిగతా సగం ఏదీ?"
కాసేపాగి, "సందా ఎంత?"
ఏమీ లేదన్నాను.
అక్కడ మొదలైంది అనుమానం.
దసరా పందిరికే రసీదు పుస్తకంతో గుమ్మం ఎక్కుతారు,
డబ్బు పుచ్చుకోని చందా
ఏ ఊళ్ళో ఉంది?

"నా పేరడగనేదు. ఊరడగనేదు.
ఎవులింటికి తెత్తాడు మరి?"
తేడు, మనమే వెళ్ళాలి,
అంటే మన బదులు ఇంకొకటి వెళ్ళి
గంటగంటకీ తలుపు కొట్టి అడిగొస్తుంది, అని
చెబుతూ చెబుతూ నేనే ఆగిపోయాను.
"అయితే అది వత్తాదా? మనం ఎల్తామా?"

మాటలకంటే నయమని నొక్కి చూడమన్నాను.
తెర నిండా కొక్కేలు, గీతలు, చిల్లర అక్షరాలు.
వాటి మధ్య ఎక్కడో ఇరుక్కుని
నిన్నటి ధర.
మౌస్ మీంచి చెయ్యి లాగేసుకున్నాడు,
జీడి రసానికి నల్లబడిన చెయ్యి.
"పాడుసేసినానేటి?"
లేదు, అసలు సరుకు ఇదే,
చదవడానికే వేరే సాధనం కావాలన్నాను.

"ఓలమ్మా!
పచ్చి పిక్క సేతిలో ఎట్టి పప్పు తినమంతావేటి?
కాల్సాల, కొట్టాల, తొక్క తియ్యాల.
బట్టీ ఎక్కడుందో
ఆ బొమ్మ కింద రాయొద్దా?"

రాయాలి. ఎవరూ రాయలేదు.
నేను ఆరు నెలలు నేర్చుకున్న కోర్సులోనూ
ఆ పాఠం లేదు.

మర్నాటి నుంచి తొమ్మిదిన్నరకి
నేనే ఫోన్ చేసి ధర చెప్పేదాన్ని.
మారని రోజు చేసేదాన్ని కాదు.
నెల తిరిగాక
బద్దపప్పు పొట్లం పట్టుకొచ్చి బల్ల మీద పెట్టాడు.
"సందా. సబ్‌స్క్రైబంటే ఇదే గదా,
ముందే సెప్పొచ్చు గదేటి!"

కాదనలేదు.

ఆ మౌస్ ఎడమ మీట మీద
ఆయన వేలి మరక ఉండిపోయింది.
కిరసనాయిలు పెట్టి తుడిచాను,
రెండుసార్లు.