మాను మీద నాలుగు

అల్బుఫైరాలో పడక కుర్చీలకు అంకెలుంటాయి.
నాది నలభై రెండు.
గంటకింతని అద్దె, గొడుగుకు వేరే.
నీడ జరిగినా కుర్చీ జరపకూడదని
బల్ల మీద మూడు భాషల్లో రాసుంది.
మూడో రోజుకి
సముద్రాన్ని కూడా ఎక్కడినించో
అద్దెకు తెచ్చారేమో అనిపించింది.

గది ఊడ్చే గ్రసియెత్‌ని అడిగాను,
తువ్వాలుని హంసలా మడుస్తోందప్పుడు:
"ఆ వెనక కొండల్లో ఏముంది?"
హంస మెడ సరిచేస్తూ అంది,
"ఏమీ లేదు. మా నాన్నున్నాడు."

బస్సు వారానికి రెండుసార్లే, మంగళ, శుక్ర.
నాతోపాటు ఒక గ్యాస్ బండ,
బుట్టలో రెండు కోడిపెట్టలు,
ఒళ్లో మందుల సంచితో ఒక ముసలమ్మ.
మొదటి మలుపుకే గోల్ఫు పచ్చిక అయిపోయింది.
మూడో మలుపుకి అమ్మకానికున్న తెల్ల మేడలు.
తర్వాత మలుపులు లెక్కపెట్టడం మానేశాను.
డ్రైవరు అద్దంలో సముద్రం గోరంతయింది,
అతను చొక్కా తగిలించుకున్న కొక్కెం వెనక
అదీ పోయింది.
కాలిన వాలొకటి వచ్చింది, నల్లగా, మాటల్లేకుండా.
అది దాటాక కిటికీలోంచి వాసన:
ఎండకి పొదలు కార్చే బంక,
ఎవరో తేనె మాడ్చినట్టు.

ఊరి పేరుకి నక్కల ఊట అని అర్థమట.
నక్కలున్నాయి.
బడికి తాళం, తాళానికి సాలెగూడు.
పదకొండు కప్పులు, మూడింటికే పొగ.

అదెలీను బిరడా చెట్టు వలుస్తున్నాడు.
గొడ్డలితో ఒక దెబ్బ,
చెవి ఒగ్గి ఒక క్షణం,
పిడి కొసని సందులో దూర్చి తిప్పితే
పట్ట లేచొచ్చింది,
నేలమీంచి తడిగుడ్డ లేపిన చప్పుడుతో.
లోపలి మాను ఎర్రగా, చెమ్మగా,
ఇప్పుడే నీళ్లు పోసిన పసివాడి వీపు.
చూడకూడనిది చూసినట్టు
తల తిప్పుకున్నాను.

అతను తెల్ల రంగులో కుంచె ముంచి
మాను మీద నాలుగు వేశాడు.
ఈ యేటి చివరి అంకె.
ఇక తొమ్మిదేళ్లు దీన్నెవరూ ముట్టుకోరు.
"ముట్టుకుంటే?"
"ముట్టుకోరు."

పక్క చెట్టు మీద ఎనిమిది.
అప్పటికి ఆమె ఉంది, నీళ్లు తెచ్చిచ్చేది.
ఆ అవతల, రాయి పక్కన, ఒకటి.
పిల్ల కిందికి దిగిపోయిన వేసవి.
అంతకంటే చెప్పలేదు, పట్టలు పేర్చుకున్నాడు.

రాత్రి రొట్టె, ఉప్పు ఆలివ్‌లు,
గొంతు కోసుకుంటూ దిగే అడవిపళ్ల సారా.
చుట్టాన్ని అడిగినట్టు అడిగాడు,
"సముద్రం ఎలా ఉంది?"
తను రెండుసార్లు దాటాడట,
అంగోలా యుద్ధానికి పోతూ, తిరిగొస్తూ.
ఒక్కసారీ కాలు తడపలేదు.
"కిందికి రమ్మంటుంది పిల్ల.
కుర్చీ ఉంటుందట, నీడ ఉంటుందట."
బొటనవేలితో గొడ్డలి పదును చూశాడు.
"ఆ చెట్టుని ఐదుసార్లు వలిచాను.
మూడు వేయాల్సిన యేటికి
దానికి వేరే చేతులు కావాలి."
నా చేతుల వంక చూసి
మర్యాదగా చూపు మళ్లించుకున్నాడు.

మంగళవారం దాకా
గ్రసియెత్ చిన్నప్పటి మంచం మీద పడుకున్నాను.
నా కాళ్లు బయటికి వచ్చేవి.
రాత్రంతా ఎక్కడో మేకమెడ గంట,
దానికి అలల్లాగా వేళాపాళా లేదు.

తిరిగొచ్చాక
చొక్కా చేతి మీద తెల్ల మరక చూసింది.
ఎలా ఉన్నాడని అడగలేదు.
"ఏ చెట్టు?" అంది.
బావి పైన, వంగినది.
తువ్వాలు సగం మడతలో ఆగి
వేళ్లు మడుస్తూ తొమ్మిది దాకా వెళ్లింది.
ఒక వేలు మిగిలింది.
దాన్ని కాసేపు అలాగే ఉంచి చూసుకుంది.

ఆ రోజు హంస చెయ్యలేదు.
తువ్వాలుని ఊరికే నలుచదరంగా మడిచి
మంచం అంచున పెట్టి వెళ్లింది.