ఏడంగుళాల సముద్రం

పోర్టు ఆఫీసులో ఇరవై ఆరేళ్ళు
ఎవరి ఓడ ఏ బెర్తుకి ఎన్నింటికి వచ్చిందో రాశాను.
రిటైరైన డబ్బుతో సగం పడవ కొన్నాను.
మిగతా సగం పక్క సీటు వల్లియప్పన్‌ది.
ముందు సగం ఎవరిదో, వెనక సగం ఎవరిదో
ఇంకా తేలలేదు.
పేరు మాత్రం నేనే పెట్టాను: గవ్వ.
ముప్ఫై అడుగులు, ఒక తెరచాప, రెండు బ్యాటరీలు.
ముందు పుదుచ్చేరి,
ఆపైన ఓపికుంటే తూత్తుకుడి.

తంబుచెట్టి వీధిలో నజీర్ భాయ్ కొట్టు.
గాజుబల్ల మీద సముద్రాలు పరిచాడు,
ఐదంగుళాలది, ఏడంగుళాలది, తొమ్మిదంగుళాలది.
అన్నిట్లోనూ ఒకటే నీలం.
చీరల కొట్లో అడిగినట్టే అడిగాను:
"వెలుగులోకి తీసుకెళ్ళి చూడొచ్చా?"
వీధిలో మిట్టమధ్యాహ్నం.
తొమ్మిదంగుళాల దాంట్లో నా మొహమే కనబడింది.
ఏడంగుళాల దాంట్లో రేవు గోడ కనబడింది.
అదే ఉంచమన్నాను.

వల్లియప్పన్‌కి రాడార్ కావాలి.
పొగమంచులో అదే కన్ను అంటాడు.
చెన్నైలో పొగమంచు భోగి మంటలదే కదయ్యా అన్నాను.
నజీర్ భాయ్ బిల్లు పుస్తకం వెనక లెక్కేశాడు:
అది తాగే కరెంటు, మా రెండు బ్యాటరీలు.
రాత్రి రెండింటికల్లా
పడవలో దీపం కూడా మిగలదు.
ఆ రెండు కింద రెండు గీతలు గీసి
పెన్ను మూత పెట్టాడు.

తర్వాత అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద పెట్టె తీశాడు.
చుట్టూ ఉన్న ఓడలన్నీ
పేరు, వేగం, వెళ్ళే దిక్కు
తమంతట తామే చెప్పుకుంటాయట.
నాకు నవ్వొచ్చింది.
ఇరవై ఆరేళ్ళ నా ఉద్యోగం, పన్నెండు వోల్టులు.

"అన్నీ చెప్పుకుంటాయా?"
అడిగింది పోలేరయ్య.
పులికాట్ అవతల పుట్టి కాశిమేట్లో ముసలివాడై
మా తాళ్ళూ ముళ్ళూ చూసిపెట్టేవాడు,
వైర్లు మోస్తానని వెంట వచ్చి
గుమ్మంలో గొడుగు మడిచి నిలబడ్డాడు.
"పెట్టె ఉన్నవి చెప్పుకుంటాయి" అన్నాడు నజీర్ భాయ్.
"మా అన్న తెప్పకి లేదు."

అంతే అన్నాడు.
టీ వచ్చింది. ముగ్గురం తాగాం.
నాలుగోదాని మీద తొరక కట్టింది.

వినే పెట్టె చౌక.
విని, చెప్పే పెట్టె దానికి మూడింతలు.
చెప్పేదే ఇమ్మన్నాను.
రాడార్ వద్దన్నాను. దాని డబ్బుతో
ఒక పెద్ద టార్చి, ఒక బూర,
పెద్ద ఓడల రాడార్‌కి తళుక్కుమనే రేకుల బుడ్డి,
తెరస్తంభానికి కట్టేది.
"ఒకటా?" అన్నాడు భాయ్.
"రెండు" అన్నాను.
పోలేరయ్య మేనల్లుడి పడవకి
స్తంభం లేదు. వెదురుగడ ఉంది.

ఆదివారం లోతు చూపే యంత్రం బిగించాం.
మీటర్లు, అడుగులు, ఇంకోటి.
ఇంకోటి నొక్కితే రెండున్నర అంది.
పోలేరయ్య మాట్లాడకుండా సీసపుగుండు వదిలి
తడితాడుని గుండెకడ్డంగా చాచి చాచి కొలిచి
"రెండున్నర బారలు, మీదొక జాన" అన్నాడు.
ఆ జాన
నీటి మట్టానికీ యంత్రం కంటికీ మధ్య ఎడమని
రాత్రంతా మాన్యువల్ చదివి
వల్లియప్పన్ కనిపెట్టాడు.
ఫోన్ చేసి చెప్పాడు, ఒంటిగంటకి.

ఇప్పుడు తెర వెలుగుతోంది.
నీళ్ళలో ప్రతి రాయికీ గుర్తుంది,
మునిగిన ప్రతి ఓడకీ గుర్తుంది.
నలభై ఏళ్ళు నేనున్న ఊరు మాత్రం
ఒట్టి పసుపు.
రాయపురం లేదు. మా మేడ మీద బట్టలు లేవు.
లైట్‌హౌస్ ఒక్కటి ఉంది,
సముద్రానికి పనికొస్తుంది కనక.
మా ఇల్లు ఉండాల్సిన చోట వేలు పెట్టాను.
కాసేపు ఆలోచించి
లోతు అన్న గడిలో
మూడు గీతలు చూపించింది.