పైఅంతస్తులో బుధవారాలు

కింద రెండు ఎర్ర బండ్లు,
తడి గొట్టాలు, రబ్బరు బూట్ల వరస.
పైన మా అగ్నిమాపక దళం సమావేశాల గది.
బుధవారం నాలుగింటికి
కుర్చీలన్నీ గోడకి జరిపేస్తాం.
వాల్పరైసోలో మా కొండ మీద
పిల్లలు గెంతడానికి ఇంత చదునైన నేల
ఇంకెక్కడా దొరకదు.

చెక్కపెట్టె వాయించేది నేను.
నాకు సంగీతం రాదు.
మనిషి గుండె ఎలా కొట్టుకుంటుందో తెలుసా
అని అడిగింది ఎర్మీనియా టీచర్.
ముప్ఫై ఏళ్లు పొగలోంచి మనుషుల్ని మోసినవాణ్ణి,
తెలుసన్నాను.
అదే వాయించు, చాలు, అంది.

పన్నెండుమంది. నాలుగేళ్లవాళ్లు, ఐదేళ్లవాళ్లు.
ఆమె "ఇలా చెయ్యండి" అనదు.
"మీ మోచేతికి నిద్రొస్తోంది" అంటుంది.
పదకొండు మోచేతులు ఆవులిస్తాయి.
"నేలంతా కాలిన పెనం" అంటుంది.
అరికాళ్లు అంటీ అంటకుండా పరుగెడతాయి.
"ఇప్పుడు మీరు పొగమంచు.
సముద్రంలోంచి లేచి, మెట్లెక్కి,
ఎవరి కిటికీ తట్టకుండా పోవాలి."
ఇగ్నాసియా మరీ పొగమంచైపోయి
తలుపు తీసుకుని బయటికెళ్లిపోయింది.
మెట్ల మలుపులో పట్టుకున్నాను.

పన్నెండోవాడు నెవెన్.
పాత హెల్మెట్ల బీరువా పక్కన
గోడకి వీపు ఆనించి నిలబడేవాడు.
మొదటి బుధవారం. రెండోది. మూడోది.
"డబ్బు కట్టింది వీణ్ణి గోడకి దన్నుగా పెట్టడానికా?"
వాళ్ల అమ్మమ్మ గొణిగేది.
"వాడు పని మీదే ఉన్నాడు" అనేది ఎర్మీనియా.
నేను నమ్మలేదు.
చెప్పొద్దూ, వాడు చూస్తుంటే నాకు లయ తప్పేది.

ఆమె మోకాలి సంగతి మేమెవరం ఎత్తం.
ఎప్పుడో, రాజధానిలో, ఏదో వేదిక మీద అని విన్నాను.
ఎడమ కాలు వేస్తే కుడి భుజం దిగుతుంది,
ఆపైన ఓ చిన్న నిలుపు,
చీకట్లో తాళంకప్ప వెతికే చెయ్యిలా.
చాలావరకు కూర్చునే నేర్పుతుంది.
నడవాల్సొస్తే
పిల్లలు అటు తిరిగినప్పుడు నడుస్తుంది.

ఆరో బుధవారం సగంలో సైరన్ మోగింది.
నాకు వయసు దాటింది, ఇప్పుడు నన్ను పిలవరు.
అయినా లేచి నిలబడ్డాను. కాళ్లకి అలవాటు.
బండ్లు వెళ్లాయి. కిటికీ అద్దాలు అదిరి ఊరుకున్నాయి.
పిల్లలు ఉన్నచోట ఉన్నట్టే, నోళ్లు తెరుచుకుని.

"ఈ గదిలో మీరు చూసింది ఏదైనా
నాకు తెచ్చి చూపించండి" అంది ఎర్మీనియా.
"నోటితో కాదు."

నెవెన్ గోడని వదిలాడు.
ఎడమ కాలు. కుడి భుజం దిగింది. చిన్న నిలుపు.
మళ్లీ.
వెక్కిరింపు కాదది,
వెక్కిరింపుకి అంత శ్రద్ధ ఉండదు.
ఆ నిలుపులో ఆమె కళ్లు మూసి తెరవడం కూడా
వాడు దాచుకున్నాడు,
ఆరు వారాలు పక్కనే కూర్చుని నేను చూడనిది.

ఇగ్నాసియా వెనక చేరింది. తర్వాత కవలలు.
తర్వాత అందరూ.
గది పొడుగునా ఎడమ కాళ్లూ కుడి భుజాలూ
ఆగుతూ సాగుతూ.
ఎవరో "పడవ!" అని అరిచారు.

నేను ఆమె వైపు చూడలేదు,
నా బూట్ల వైపు చూశాను.
చేతులు పెట్టె మీదే ఉన్నాయి,
ఏం వాయించను?
గుండె చప్పుడు దానికి సరిపోదు.
ఒక దెబ్బ వేశాను.
రెండోది ఆలస్యంగా వేశాను.
మధ్యలో ఖాళీని
ఖాళీగానే వదిలేశాను.

కుర్చీ కిర్రుమంది.
అందరూ చూస్తుండగా ఆమె వచ్చి
వరస చివర నిలబడింది.
నెవెన్ వీపు మీద చూపు నిలిపి
కొత్తగా నేర్చుకునేదానిలా నడిచింది.
ఒకసారి తప్పు కాలు వేసింది.
వాడు వెనక్కి తిరిగి,
"అలా కాదు టీచర్, ఇలా" అన్నాడు.
వాడి గొంతు బొంగురని
మాకప్పుడే తెలిసింది.

ఐదింటికి అమ్మమ్మ వచ్చింది.
"ఈవేళైనా కదిలాడా?"
ఎర్మీనియా కోటు బొత్తాలు పెట్టుకుంటోంది,
జవాబు చెప్పలేదు.
వాడప్పటికే రెండేసి మెట్లు దూకుతూ దిగిపోతున్నాడు.

నేను కుర్చీలు సర్దుతుంటే బండ్లు తిరిగొచ్చాయి.
ఎవరింట్లోనో పొయ్యి మీద పెనం అంటుకుందట.
పెద్దదేం కాదన్నారు.