గురువారం లోపల

తొమ్మిది రోజులుగా ఆ కవరు
సన్ వైజర్ వెనకే ఉంది.
తెల్ల కవరు లోపల పసుపు కవరు,
దాని లోపల అరచేతిలో పట్టే చీటీ.
రెండే గడులు: అవును, కాదు.
మూడో గడి ఎవరూ అచ్చు వేయలేదు.

టొలీడో టెర్మినల్‌లో రాత్రి పదిన్నర.
ట్రైలర్‌కి ట్రైలర్ తగిలిస్తుంటే
ఇనుము ఇనుమును కరిచిన చప్పుడు.
ఇరవై రెండేళ్లుగా అది వింటేనే
నా వెన్ను నిటారవుతుంది.
సీనియారిటీ జాబితాలో నాది నూట నలభై ఏడో పేరు.
నూట యాభై దాకా ఉంచుతారని ఒకడు,
నూట పది దగ్గర గీత గీస్తారని ఇంకొకడు.
గీత గీసేవాడు మాత్రం
మా యార్డులో ఎన్నడూ బూటు తడుపుకోలేదు.

విరామం గదిలో కాఫీ మిషన్ చెడిపోయి నెల.
బాగు చేయించరు. అదీ ఒక వార్తే.
మా స్టివార్డ్ బెర్నడీన్
కాగితాలు బల్లమీద పరిచి చదువుతుంది:
జీతంలో పదిహేను శాతం కోత,
పింఛనులో కంపెనీ వాటా ఏడాదిన్నర వాయిదా.
"వాయిదా అంటే?" అన్నాడు డాక్ కుర్రాడు ఎమెరీ.
"బార్ గోడమీద 'రేపు ఉచితం' అని రాసుంటుందే,
ఆ రేపు."

ఎవరూ నవ్వలేదు. స్టాన్ వోయ్‌చిక్ ఒక్కడే
నవ్వులాంటిది ఒకటి దగ్గాడు.
"పాత కంపెనీకి అవునన్నాం. రెండుసార్లు అన్నాం.
మూడోసారి అడగడానికి ఎవడూ రాలేదు.
ఆదివారం పొద్దున గేటుకి గొలుసు.
నా రెయిన్‌కోటు, టిఫిన్ డబ్బా
ఇప్పటికీ లోపలే ఉన్నాయి."

ఓజెల్ ఏమీ అనడు.
వాళ్ళావిడకి వారానికి మూడు డయాలసిస్‌లు.
సమ్మె అనే మాట వినపడ్డప్పుడల్లా
అతని చెయ్యి పర్సు దగ్గరకు పోతుంది,
బీమా కార్డు ఉందో లేదో తడుముకోవడానికి.
అతని ముందు కాదు అని గట్టిగా అనడం
నాకు చేతకాలేదు.
స్టాన్ ముందు అవును అనడమూ.

కుండ కొనేముందు తట్టి చూస్తారు,
ఓటిదో గట్టిదో తెలియాలి కదా.
బయల్దేరేముందు మేమూ అంతే,
కర్రతో టైర్లు తడతాం, పద్దెనిమిదీ.
మంచి టైరు మోగుతుంది.
గాలి పోయినది దబ్బున మూలుగుతుంది.
కంపెనీని ఎక్కడ తట్టాలో
ఇన్నేళ్లలో నాకెవరూ చెప్పలేదు.

చెప్పింది యంగ్స్‌టౌన్ దగ్గర ఓ పెట్రోలు బంకు.
కంపెనీ కార్డు చెల్లలేదు.
తొడకి తుడిచి మళ్ళీ గీశాను. చెల్లలేదు.
కౌంటర్‌లో అమ్మాయి గొంతు తగ్గించి అంది:
"ఈ వారం మీవాళ్లలో నువ్వు నాలుగోవాడివి."
జాలిపడిందో, నన్ను తొందరగా పంపేద్దామనుకుందో.
నా సొంత డబ్బు, అరవై డాలర్లు.
వాళ్ల సరుకు మొయ్యడానికి
వాళ్ల బండికి నేను పోసిన డీజిలు.

ఓడలు బండ్లవుతాయంటారు, బండ్లు ఓడలవుతాయంటారు.
బండి వేలంపాటలో నంబరవడం గురించి
పెద్దలేమీ చెప్పినట్టు లేదు.

ఇంజన్ ఆపకుండానే కవరు దించాను.
చలికి పెన్నులో సిరా గడ్డకట్టింది.
హీటర్ దగ్గర పెట్టి వెచ్చబెట్టి
గడిలో గుర్తు వేశాను.
ఏ గడిలోనో ఇంట్లోనూ చెప్పను.
కోపంతో వేసిన గుర్తూ భయంతో వేసిన గుర్తూ
పైనుంచి చూస్తే ఒకేలా ఉంటాయి.
జిగురు నాకాను, తీపిగా ఉంది, పాడు జిగురు.
మంచులో నీలం డబ్బా నోట్లోకి వదిలాను.

మళ్ళీ హైవే. పక్కన మొక్కజొన్న మోళ్ళు, మంచు.
రెండు మైళ్లు పోయాక గుర్తొచ్చింది:
బయటి కవరుమీద సంతకం లేకపోతే
లోపలి చీటీ లెక్కలోకి రాదు.
చేశానా?
చేసిన గుర్తు వేళ్ళకి ఉంది.
కవరు మీదో,
డీజిల్ రసీదు మీదో.

జంట ట్రైలర్లు వెనక్కి నడవవు.
ముందున్న ఎగ్జిట్ పదకొండు మైళ్లు.