పదును

పొద్దు గుంకేలోపల కోపం దించుకోవాలని
ఆదివారం వాక్యం.
బాగానే ఉంది గానీ, అయ్యగారూ,
నా పని మొదలయ్యేదే పొద్దు గుంకినాక.

కొండపి అవతల పొగాకు బ్యారన్ల కాడ
రాత్రి మంట నాది. ఇరవై ఏళ్ళుగా నాది.
ఎన్ని చిల్లమొద్దులు తోస్తే గొట్టం ఎంత కాగుద్దో
చెయ్యి ఆనించకుండా చెప్తాను.
చుట్ట ముట్టను. అయినా గుళ్ళో ఏ బల్ల మీద కూర్చున్నా
నాకంటే ముందు నా చొక్కా వాసన కూర్చుంటది.

ఆ ఆదివారమే కోతపండగ.
కానుకలు లెక్కపెట్టినోళ్ళం ముగ్గురం.
పన్నెండొందలు తగ్గినై.
గమలీయేలు మాస్టారు మిగతా ఇద్దరినీ చూళ్ళా.
బెత్తం పట్టకుండా నాకు అక్షరాలు నేర్పినాయన,
నా వేలు పట్టుకుని ఇసకలో 'య' దిద్దించినాయన,
నన్నే చూస్తా అన్నాడు:
"అవసరం మనిషిని ఎంతకైనా దించుద్ది."
మైకు ఆపలా.
నాకు గుచ్చుకుంది అదే, పన్నెండొందలు కాదు.

ఆ రాత్రి బ్యారన్‌కి పచ్చాకు ఎక్కించారు.
తొంభై అయిదు దాటకూడదు.
తొందరపడి వేడి పెడితే ఆకు పచ్చపచ్చగానే మాడుద్ది,
పసుపు ఇంకెప్పటికీ కట్టదు.
ఆ సంగతి తెలిసిన చేతులే
మొద్దు మీద మొద్దు తోసినై.
ప్రతి మొద్దుకీ మాస్టారి పేరే.
అద్దంలోంచి చూస్తే పాదరసం నూటపది.
గబుక్కున వెనక్కి లాగాను. అరచెయ్యి కాలింది.
ఏడ్చాను.
కాలినందుకే అనుకున్నాను.

తెల్లారి కట్టు కడతా దీవెనమ్మ అడిగింది:
"ప్రార్థన చేశావా?"
"చేశా. ఆయన పళ్ళు రాలగొట్టమని."
నవ్వలేదు, తిట్టలేదు.
"దావీదూ అట్టాగే అడిగాడు గదా.
అడిగి, దేవుడి కాడే వదిలేసొచ్చాడు.
నువ్వు మళ్ళీ ఇంటికి తెచ్చుకున్నావు."

రెండో రాత్రి. మూడో రాత్రి.
గంటకి ఒక గీత. అంతకంటే ఎక్కువ కాదు.
అయిదో రాత్రి నూట అరవై.
వేడి ఈనె దాకా పోవాలి.
రెక్క ఎండి ఈనెలో చెమ్మ మిగిలితే
మంచి బేలు కూడా లోపల బూజు పడుద్ది.
నా ఈనె యాడుందా అని తడుముకున్నాను.
కోపం కింద అవమానం.
అవమానం కింద, ఇసకలో వేలు పెట్టుకుని
ఏడేళ్ళ పిల్లోడు.
ఆయన "శభాష్" అంటాడేమోనని
ఇంకా తలెత్తి చూస్తన్నాడు.
నాకు యాభై రెండు.

వారమంతా నోరు మెదపనందుకు
"రాయివిరా నువ్వు" అన్నారు సంఘంలో.
మంట ఆర్పినాక ఆకు ఎట్టుంటదో వాళ్ళకి తెలీదు.
బంగారం రంగే. కానీ పిల్లోడు ఊదినా
పొడైపోద్ది.
ఆ గట్టితనాన్ని ఏ వేలంలోనూ కొనరు.

అందుకే శనివారం రాత్రి తలుపులు బార్లా తెరిచాను.
ఇంక చేసేదేం లేదు.
సింగరాయకొండ వైపు నుంచి ఉప్పుగాలి,
దాని వెనకే మంచు.
మంచుని నేను పిలవలేను.
తలుపు మాత్రం నా చేతిలో ఉంది.
రెండో జాముకి ఆకు పదునుకొచ్చింది.
మడిస్తే మడతపడింది,
వదిలితే విచ్చుకుంది.
అక్కడే గడప మీద కూర్చుని
ఆయన పేరు చెప్పాను దేవుడికి,
ఈసారి ఏమీ అడక్కుండా.

పొద్దున గుళ్ళో మాస్టారి పక్కన కూర్చున్నాను.
"నేను తియ్యలా, మాస్టారూ."
గొంతు పెంచలా. దించలా.
ఆయన కళ్ళజోడు తీశాడు, తుడిచాడు,
పెట్టుకోవడం మర్చిపోయాడు.
క్షమించమని అనలేదు. డబ్బు సంగతి ఇవాళ్టికీ తేలలా.
నా కట్టు మీద పుస్తకం వాలకుండా
ఒక అంచు తను పట్టుకున్నాడు.
కాసేపటికి,
"ఈ తడవ ఆకు బాగా వచ్చినట్టుందే, వాసన" అన్నాడు.

"ఇంకా వేలానికి పోలేదండీ" అన్నాను.